లాంగ్ రన్‌లో ఏం తాగాలి, ఎంత తినాలి: ఐదు గంటల రన్నర్ అనుభవం

మారథాన్‌కి ట్రైనింగ్ అవుతున్నా అనగానే అందరూ అడిగేది షూస్ ఏం వాడుతున్నావ్ అని, లేదంటే వారానికి ఎన్ని కిలోమీటర్లు చేస్తున్నావ్ అని. పరిగెడుతూ ఏం తాగుతున్నావ్, ఏం తింటున్నావ్ అని అడిగినవాళ్ళు చాలా తక్కువ. నా వరకైతే 20 కిలోమీటర్లు దాటాక రన్ బాగా జరిగిందా లేదా అనేది కాళ్ళ కంటే కడుపే ఎక్కువ తేల్చింది. అందుకే ఈ తాగడం తినడం వ్యవహారాన్ని కూడా ట్రైనింగ్‌లో భాగంగానే పెట్టుకుని నెలల తరబడి ప్రాక్టీస్ చేశా, ఏది పడింది ఏది పడలేదు అన్నీ ఫోన్‌లో నోట్ చేసుకుంటూ వచ్చా, అదే ఇక్కడ రాస్తున్నా.

ముందు నా గురించి రెండు ముక్కలు చెప్పాలి, ఎందుకంటే లెక్కలన్నీ దాని మీదే ఉంటాయి. నా బరువు 58 కిలోలు, స్పీడ్ పెద్దగా లేదు, ఫుల్ మారథాన్ అంటే 42 కిలోమీటర్లు, నాకు ఐదు గంటల పని. ఇది ఎందుకు ముఖ్యమంటే, ఈ టాపిక్ మీద చదివితే ఎక్కువగా కనిపించేది ఎలైట్ రన్నర్లు ఏం చేస్తారు అన్నదే. కెన్యా రన్నర్ కిప్చోగే 2022 బెర్లిన్ మారథాన్‌ని 2 గంటల 1 నిమిషం 9 సెకన్లలో ముగించాడు, ఆయన గంటకి ఎంత తాగినా ఎంత తిన్నా అది రెండు గంటల గొడవ. పైగా వాళ్ళ సొంత బాటిల్స్ టేబుల్ మీద పేరు రాసి పెట్టి ఉంటాయి. నేను అదే దూరానికి ఐదు గంటలు రోడ్డు మీద ఉంటా, పొద్దున చల్లగా మొదలుపెట్టి ఎండెక్కాక ముగిస్తా, ఆ ఐదు గంటలూ నోట్లో తీపి పోసుకుంటూ ఉండాలి. స్లో రన్నర్‌కి ఫ్యూయలింగ్ ఈజీ అనుకుంటారు చాలామంది, నాకు తెలిసి ఇంకా కష్టం.

తిండి లెక్క నుంచి మొదలుపెట్టా. పరిగెత్తేటప్పుడు కిలో బరువుకి, ఒక్కో కిలోమీటర్‌కి, సుమారు ఒక కేలరీ ఖర్చవుద్ది, స్పీడ్‌తో పెద్ద తేడా ఉండదు. అంటే 58ని 42తో గుణిస్తే నాకు 2,400 పైచిలుకు. ఒంట్లో కార్బ్స్, అంటే పిండిపదార్థాలు, చక్కెరలు, గ్లైకోజెన్ రూపంలో దాచుకున్నది మామూలు సైజు మనిషికి కండరాల్లో 400 గ్రాములు అటూఇటూగా, లివర్‌లో ఇంకో 80 నుంచి 100 గ్రాములు, గ్రాముకి 4 కేలరీల చొప్పున అంతా కలిపితే 2,000 కేలరీలు, నాకైతే అంత కూడా ఉండదు. ఖర్చంతా అందులోంచే పోదులెండి, కొవ్వు కూడా కరుగుతుంది, మెల్లగా పరిగెత్తేవాళ్ళకి కొవ్వు వాటా ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది. కానీ కొవ్వు ఎంత నిల్వ ఉన్నా కార్బ్స్ అడుగంటితే అదే స్పీడ్‌లో పోలేం. 30, 32 కిలోమీటర్ల దగ్గర వాల్ తగిలింది అంటారే, అది ఇదే. కాళ్ళు బరువెక్కడం ఒక్కటే కాదు, లివర్‌లోది కూడా తగ్గిపోతే బ్లడ్ షుగర్ పడిపోయి తల సరిగ్గా పనిచేయదు, ఊరికే చిరాకొస్తుంది, ఇంకా ఎన్ని కిలోమీటర్లు ఉందో కూడిక తీసివేత కూడా రాదు.

ఇదేదో ఇప్పుడు జెల్ (పరిగెడుతూ పిండుకుని మింగే చిక్కటి చక్కెర పాకం ప్యాకెట్) కంపెనీలు అమ్ముకోవడానికి పుట్టించిన కథ అనుకునేదాన్ని కొంతవరకు. కాదని తెలిసింది ఎక్కడంటే, 1924 బోస్టన్ మారథాన్‌లో ఫినిష్ చేసిన కొంతమంది రన్నర్ల రక్తం డాక్టర్లు టెస్ట్ చేస్తే బాగా నీరసపడిపోయినవాళ్ళలో షుగర్ మరీ తక్కువగా కనిపించింది. మరుసటి ఏడాది అదే రేసులో ముందు నుంచీ కార్బ్స్ బాగా తినిపించి, దారిలో క్యాండీలు ఇచ్చి చూస్తే షుగర్ పడిపోలేదు, మనుషులూ బాగానే ఉన్నారు. వందేళ్ళ కిందటే తేలిపోయిన విషయం ఇది, ప్యాకింగ్ మాత్రమే కొత్తది.

మరి గంటకి ఎంత అంటే, గంట దాటిన రన్స్‌కి గంటకి 30 నుంచి 60 గ్రాముల కార్బ్స్ అనేది మామూలుగా చెప్పే లెక్క. రెండున్నర గంటలు దాటితే 90 దాకా కూడా పోవచ్చు కానీ అది గ్లూకోజ్ ఒక్కదానితో కుదరదు. పేగు గోడలోంచి గ్లూకోజ్ లోపలికి పోవడానికి ఒక దారి, ఫ్రక్టోజ్‌కి ఇంకో దారి ఉంటాయి, గ్లూకోజ్ దారి గంటకి 60 గ్రాముల దగ్గర నిండిపోద్ది, అక్కడి నుంచి ఎంత మింగినా పేగుల్లో కూర్చుని గోల చేస్తుంది తప్ప రక్తంలోకి రాదు. రెండూ కలిపి తీసుకుంటే రెండో దారి కూడా వాడుకున్నట్టు. ఇందులో నాకు నచ్చిన సంగతి ఏంటంటే మామూలు పంచదార సగం గ్లూకోజ్ సగం ఫ్రక్టోజే, అంటే డబ్బాల మీద గొప్పగా రాసుకునే ఆ మిక్స్ వంటింట్లోనే ఉంది. నేను టార్గెట్ గంటకి 40 నుంచి 45 గ్రాములు పెట్టుకున్నా. నా సైజుకి, నా స్పీడ్‌కి 90 అక్కర్లేదు, ట్రై చేసే ధైర్యం కూడా లేదు.

ఇక నీళ్ళ సంగతి. మా రన్నింగ్ గ్రూప్‌లో ఒకన్న ఉన్నారు, అల్ట్రాలు, అంటే మారథాన్ కంటే పొడవైన రేసులు, పరిగెడతారు, పెద్దగా మాట్లాడరు. ఆయన ఒకరోజు "చెమట ఎంత పోతుందో చూసుకున్నావామ్మా?" అని అడిగారు. "లేదన్నా, దాహమేస్తే తాగుతున్నా" అన్నా. "అది తప్పేం కాదు, కానీ ఒకసారి వెయిట్ చూస్కో, నీకే తెలుస్తుంది" అన్నారంతే, ఇంకో మాట లేదు.

చెమట టెస్ట్ చాలా సింపుల్. రన్‌కి ముందు టాయిలెట్‌కి వెళ్ళొచ్చి, బట్టలు లేకుండా బరువు చూసుకోవాలి. గంట పరిగెత్తాలి, మధ్యలో ఎంత తాగామో కొలిచి పెట్టుకోవాలి. తిరిగొచ్చి చెమట బాగా తుడుచుకుని మళ్ళీ బట్టల్లేకుండానే బరువు చూడాలి, ఎందుకంటే తడిసిన టీషర్టే ఎంత బరువుంటుందో తీసి పిండితే తెలుస్తుంది. తగ్గిన బరువుకి తాగింది కలిపితే ఆ గంటలో పోయిన చెమట, కిలోకి లీటర్ లెక్క. మధ్యలో టాయిలెట్‌కి వెళ్తే అది తీసేయాలి. నాకు ఉక్కగా ఉన్న ఒక పొద్దున 58.4 నుంచి 57.7 కి వచ్చింది, 300 మి.లీ. తాగా, అంటే గంటకి ఒక లీటర్. చల్లటి రోజు అదే స్పీడ్‌లో 600 మి.లీ. మాత్రమే. అదే మనిషి, అదే రూట్, ఇంత తేడా. గంటకి ఇన్ని మి.లీ. తాగండి అని అందరికీ ఒకటే నంబర్ చెప్పే చార్టుల మీద నాకు ఆ రోజే నమ్మకం పోయింది. మా గ్రూప్‌లో 80 కిలోల అబ్బాయి ఒకడు చేస్తే గంటకి రెండు లీటర్లకి దగ్గరగా వచ్చింది, వాడూ నేనూ పక్కపక్కనే పరిగెడతాం.

పోయిందంతా తాగాలా అంటే అక్కర్లేదు, అంత తాగడం కుదరదు కూడా. బరువులో 2 శాతం కంటే ఎక్కువ తగ్గకుండా చూసుకోమని సాధారణంగా చెప్తారు, నాకు అది దాదాపు 1.2 కిలోలు. ఐదు గంటలకి సగటున గంటకి 800 మి.లీ. చెమట అనుకుంటే 4 లీటర్లు, గంటకి 550 మి.లీ. తాగితే 2.75 లీటర్లు వెనక్కి వస్తాయి, మిగతాది ఆ 1.2 కిలోల దగ్గరే ఉంటుంది. పైగా తగ్గిన బరువంతా నీళ్ళే కాదు, కరిగిపోయిన గ్లైకోజెన్, కొవ్వు కూడా అందులో ఉంటాయి. సో గంటకి 500, ఎండగా ఉంటే 600, చల్లగా ఉంటే దాహాన్ని బట్టి ఇంకా తక్కువ, ఇదీ నా ప్లాన్.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే "నీళ్ళు బాగా తాగు, ఎంత తాగితే అంత మంచిది" అని ప్రతివాళ్ళూ చెప్తారు, ఇంట్లోవాళ్ళు మరీ. ఎక్కువ తాగడం నాలాంటి వాళ్ళకి తక్కువ తాగడం కంటే ప్రమాదం. రక్తంలో సోడియం లీటర్‌కి 135 నుంచి 145 మిల్లీమోల్స్ మధ్య ఉండాలి, గంటల తరబడి చెమటకి మించి నీళ్ళు పోసుకుంటే అది పలచబడి పడిపోద్ది, హైపోనాట్రీమియా అంటారు. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది ఫినిషర్ల రక్తం పరీక్షిస్తే 13 శాతం మందికి సోడియం 135 లేదా అంతకంటే తక్కువ వచ్చింది, ముగ్గురికి 120 దాటలేదు, అంటే ప్రాణం మీదకి వచ్చే లెవెల్. ఆ ఏడాది అదే రేసులో ఒక రన్నర్ దీనివల్లే చనిపోయారు కూడా. ఎవరికి ఎక్కువ వచ్చిందని చూస్తే, రేసులో బరువు పెరిగినవాళ్ళు, నాలుగు గంటలు దాటి పరిగెత్తినవాళ్ళు. అది చదివినప్పుడు నా ఫొటో చూసుకున్నట్టే అనిపించింది. స్లోగా పోతాం కాబట్టి ప్రతి టేబుల్ దగ్గరా ఆగి తాగే టైమ్ ఉంటుంది, చెమట తక్కువ పడుతుంది, భయం కొద్దీ తాగుతూనే ఉంటాం.

ఇంకో చిక్కేంటంటే మొదట్లో లక్షణాలు డీహైడ్రేషన్ లాగానే ఉంటాయి, వికారం, తలనొప్పి, నీరసం, అయోమయం. చూసినవాళ్ళు పాపం ఇంకో బాటిల్ నీళ్ళు తెచ్చి ఇస్తారు, అది ఇంకా ముంచుతుంది. నేను గమనించుకునేవి వేళ్ళు ఉబ్బి ఉంగరం బిగుసుకోవడం, కడుపులో నీళ్ళు గుడగుడలాడటం, టాయిలెట్‌కి మాటిమాటికీ తెల్లగా రావడం. వేళ్ళు కొంచెం ఉబ్బడం మామూలుగా కూడా జరుగుతుంది, కానీ దాంతో పాటు తలనొప్పో వాంతో ఉంటే తాగడం ఆపి మెడికల్ టెంట్‌కి పోవడమే. మనిషి అయోమయంగా మాట్లాడుతుంటే ఇక ఆలోచించేదే లేదు.

మరి ఉప్పు బిళ్ళలు వేసుకుంటే సరిపోద్ది కదా అంటే, పోదు. చెమటలో ఉప్పు మనిషికీ మనిషికీ చాలా తేడా, లీటర్‌కి 200 మి.గ్రా. సోడియం పోయేవాళ్ళు ఉన్నారు, 2,000 దాకా పోయేవాళ్ళూ ఉన్నారు. ఎండిపోయాక టోపీ మీద, నల్ల టీషర్ట్ మీద తెల్లటి చారలు పడేవాళ్ళకి ఎక్కువ పోతున్నట్టు, నాకు ఓ మోస్తరు. మామూలు స్పోర్ట్స్ డ్రింక్‌లో లీటర్‌కి 400, 500 మి.గ్రా. సోడియం ఉంటుంది, రక్తంలో ఉండేది లీటర్‌కి 3,200 మి.గ్రా. దగ్గర్లో, అంటే స్పోర్ట్స్ డ్రింక్ కూడా అతిగా తాగితే పలచన చేసేదే. ఉప్పు కొంత సాయం చేస్తుంది, దాహం కూడా వేయిస్తుంది, అంతవరకే. కండరాలు పట్టేయడానికి ఉప్పు తక్కువవడమే కారణం అని అందరూ అంటారు గానీ, అలవాటు లేని స్పీడ్‌లో అలసిపోయిన కండరమే ఎక్కువ పట్టేస్తుందని ఇప్పుడు చాలామంది చెప్తున్నారు, నాకు పిక్క పట్టేసిన రెండు మూడు సందర్భాలూ అప్‌హిల్ ఎక్కువున్న రోజులే.

డ్రింక్ నేనే కలుపుకుంటా. లీటర్ నీళ్ళకి 60 గ్రాముల పంచదార, పావు టీస్పూన్ ఉప్పు, సగం నిమ్మకాయ. 6 శాతం అయింది కదా, స్పోర్ట్స్ డ్రింక్స్ 6 నుంచి 8 శాతమే ఉంటాయి. పావు స్పూన్ ఉప్పులో 550, 600 మి.గ్రా. సోడియం వస్తుంది. ఇంతకంటే చిక్కగా కలిపితే కడుపులోంచి కిందకి దిగడం లేట్ అవుద్ది, మరీ చిక్కగా ఉంటే పేగులు ఒంట్లోంచే నీళ్ళు లాక్కుంటాయి, అప్పుడు పొద కోసం వెతుక్కోవాలి. ఓఆర్ఎస్ ప్యాకెట్ వాడొచ్చా అని నన్ను చాలామంది అడిగారు. వాడొచ్చు, తప్పేం లేదు, కానీ అది విరేచనాలకి తయారుచేసింది, లీటర్‌కి గ్లూకోజ్ 13.5 గ్రాములే ఉంటుంది, సోడియం మాత్రం 1,700 మి.గ్రా. పైన. దాన్నే నమ్ముకుని 30 కిలోమీటర్లు పోతే ఉప్పు ఉంటుంది గానీ తిండి ఉండదు. బీపీ, షుగర్, కిడ్నీ ప్రాబ్లమ్ ఉన్నవాళ్ళు ఈ ఉప్పు పంచదార లెక్కలేవీ నా దగ్గర తీసుకోవద్దు, డాక్టర్‌ని అడగండి.

అసలు కష్టమంతా కడుపుకి అలవాటు చేయడంలోనే ఉంది. పరిగెత్తేటప్పుడు రక్తం కాళ్ళకి పోవాలి, ఎండగా ఉంటే ఒళ్ళు చల్లబరచడానికి చర్మానికీ పోవాలి, ఇక పేగులకి మిగిలేది కొంచెమే. ఆ కొంచెం రక్తంతో అది జెల్ అరిగించాలి, పైగా మనం పైన ఎగురుతూ ఉంటాం. అందుకే ఇంట్లో కూర్చుని తింటే హాయిగా పోయే అరటిపండు 15వ కిలోమీటర్ దగ్గర గొంతు దాకా వచ్చి కూర్చుంటుంది. కానీ పేగు కూడా నేర్చుకుంటుంది, రోజూ ఇస్తూ ఉంటే చక్కెర లోపలికి తీసుకునే దారులు పెరుగుతాయి, కడుపు ఖాళీ చేయడం కూడా కొంచెం త్వరగా అవుద్ది.

మొదటి వారాల్లో లాంగ్ రన్‌లో గంటకి 20 గ్రాములతో మొదలుపెట్టా, అంటే గంటకి ఒక్క జెల్ కంటే కొంచెం తక్కువ. జెల్స్ చాలావరకు 20 నుంచి 25 గ్రాములు ఉంటాయి, ప్యాకెట్ వెనక చూసుకోవాలి, సైజు చూసి అంచనా వేస్తే తప్పుతుంది. 20 గ్రాములకి ఏ గొడవా లేదు. 30కి వచ్చాక తేన్పులు మొదలయ్యాయి, రెండు వారాల్లో సర్దుకున్నాయి. 40కి వచ్చేసరికి మాత్రం కడుపు ఎదురు తిరిగింది, కుడివైపు పొడుస్తున్నట్టు నొప్పి, కడుపులో నీళ్ళు ఊగుతున్న చప్పుడు నాకే వినిపించేది. అన్నని అడిగితే, "ఒక జెల్ ఒకేసారి మింగుతున్నావా?" అన్నారు. అవునన్నా అంటే, "సగం సగం చెయ్, మధ్యలో నీళ్ళు గుక్క గుక్క" అన్నారు. అది పనిచేసింది. మొత్తం జెల్ ఒక్కసారిగా పిండుకోకుండా రెండు మూడు నిమిషాల్లో మెల్లగా తినడం, ఆ టైమ్‌లో నడవడం, తర్వాత వంద మి.లీ. పైన మామూలు నీళ్ళు తాగడం. జెల్ తిన్నాక స్పోర్ట్స్ డ్రింక్ తాగకూడదు, రెండు తీపులు కలిసి చిక్కనైపోతాయి. నా బాటిల్స్‌లో ఒకటి డ్రింక్, ఒకటి ఉత్త నీళ్ళు పెట్టుకోవడం అప్పటి నుంచే.

టైమింగ్ కూడా అప్పుడే కుదిరింది. ఆకలేసాక తిందాం, నీరసం వచ్చాక తిందాం అంటే అది లోపలికి పోయి కాళ్ళకి అందేసరికి చాలా లేట్. 30వ నిమిషానికి మొదటిది, అక్కడి నుంచి ప్రతి 35 నిమిషాలకి ఒకటి, వాచ్‌లో అలారం పెట్టా. మొదటి జెల్ తినాలని అస్సలు అనిపించదు, బాగానే ఉన్నాం కదా అనిపిస్తుంది, అప్పుడే తినాలి. జెల్స్‌తో గంటకి 40, పైన రెండు మూడు గుక్కల డ్రింక్‌తో ఇంకో ఐదు.

ఫ్లేవర్ గురించి ఎవరూ చెప్పరు ఎందుకో. మూడు గంటల తర్వాత ఏ తీపి చూసినా కడుపులో తిప్పుతుంది, స్ట్రాబెర్రీ వాసన వస్తే చాలు నాకు ఇప్పటికీ ముఖం మాడిపోద్ది. అల్ట్రా రన్నర్లు ఉడకబెట్టిన బంగాళాదుంప ముక్కలు ఉప్పద్దుకుని తింటారని విని నేనూ జిప్ కవర్‌లో చిన్న ముక్కలు పెట్టుకెళ్ళా. 28 కిలోమీటర్ల దగ్గర ఆ ఉప్పటి ముక్క నోట్లో పడ్డప్పుడు ప్రాణం లేచొచ్చింది. ఫాస్ట్‌గా పోయేవాళ్ళు నమలలేరు, నా స్పీడ్‌కి నమలొచ్చు, స్లోగా ఉండటంలో ఉన్న ఒకే ఒక్క లాభం ఇదేనేమో. మీడియం సైజు అరటిపండులో 25 గ్రాములకి పైనే ఉంటాయి కానీ జేబులో పెట్టుకుంటే ఏమవుద్దో చెప్పక్కర్లేదు.

ఆడవాళ్ళకి ఇంకో తలనొప్పి ఉంది, రూట్‌లో టాయిలెట్ ఉండదేమో అని ముందు రోజు నుంచే నీళ్ళు తగ్గించేస్తాం. నేను దానికి చేసిందేంటంటే లాంగ్ రన్స్ అన్నీ ఒకే చిన్న లూప్‌లో, మధ్యలో టాయిలెట్ ఉండేలా చూసుకున్నా. బోర్ కొట్టింది, కానీ బాటిల్స్ కూడా అక్కడే పెట్టుకోవచ్చు, బరువు మోయక్కర్లేదు. రన్‌కి రెండు మూడు గంటల ముందే 300, 400 మి.లీ. తాగేసి, ఎక్కువైంది బయటికి పోయేదాకా ఆగి, స్టార్ట్‌కి ముందు రెండు గుక్కలు మాత్రం తాగితే మొదటి గంటలో ఆగాల్సిన పని పడలేదు. బాటిల్స్ పెట్టుకునే బెల్ట్ నాకు నడుం మీద ఎగిరేది, అందుకే ఛాతీ మీద ఫ్లాస్క్ జేబులుండే రన్నింగ్ వెస్ట్‌కి మారా, మెత్తటి ఫ్లాస్క్‌లో నీళ్ళు నింపాక తలకిందులు చేసి లోపలున్న గాలి పీల్చేస్తే గళగళ చప్పుడు రాదు.

రేసుకి ముందు రెండు రోజులు కార్బ్ లోడింగ్, అంటే కార్బ్స్ బాగా తిని గ్లైకోజెన్ నింపుకోవడం. 1960ల్లో స్వీడన్‌లో కండరం ముక్క తీసి పరీక్షించి కనిపెట్టారు ఇది, అప్పట్లో ముందు కొన్ని రోజులు కార్బ్స్ పూర్తిగా మానేసి తర్వాత నింపేవాళ్ళు, ఇప్పుడు ఆ మానేసే భాగం ఎవరూ పెద్దగా చేయట్లేదు. కిలోకి 8 నుంచి 10 గ్రాములు అంటే నాకు రోజుకి 460 నుంచి 580 గ్రాముల కార్బ్స్. వినడానికి పండగలా ఉంటుంది, నిజానికి విసుగు. అన్నం, బ్రెడ్, బంగాళాదుంప, జ్యూస్, మళ్ళీ అన్నం, పీచు తక్కువ, నూనె తక్కువ. రెండో రోజు సాయంత్రానికి తిండి చూస్తే పారిపోవాలనిపించింది, 450 దగ్గరే ఆపేశా. బరువు కిలో పెరిగింది, కంగారు పడక్కర్లేదు, ఒక్కో గ్రాము గ్లైకోజెన్ మూడు గ్రాముల నీళ్ళని పట్టుకుని కూర్చుంటుంది, అది రేసులో పనికొచ్చే నీళ్ళే.

రేసు రోజు స్టార్ట్‌కి మూడు గంటల ముందు జామ్ రాసిన బ్రెడ్, అరటిపండు, కలిపి ఓ 90 గ్రాముల కార్బ్స్, ఒక కాఫీ. రేసు వాళ్ళు ఇచ్చే డ్రింక్ ఏదో ముందే కనుక్కుని రెండు లాంగ్ రన్స్‌లో తాగి చూశా, నాకు పడలేదు, అందుకే నాది నేనే తీసుకెళ్ళి వాళ్ళ దగ్గర ఉత్త నీళ్ళు మాత్రమే తీసుకున్నా. వాటర్ స్టేషన్లు దాదాపు 5 కిలోమీటర్లకి ఒకటి ఉన్నాయి. మొదటి టేబుల్ దగ్గర అందరూ ఎగబడతారు, చివరి టేబుల్ దాకా పోతే ఖాళీగా ఉంటుంది. పేపర్ కప్ పై అంచు నొక్కి పట్టుకుంటే మూతి సన్నగా అయ్యి ముక్కులోకి పోకుండా తాగొచ్చు, నేనైతే పదిహేను అడుగులు నడిచేశా, టైమ్ పోయిందేం లేదు. ఎండెక్కాక తల మీద పోసుకుంటే హాయిగా ఉంటుంది కానీ అది తాగిన లెక్కలోకి రాదు, షూస్‌లోకి కారిందంటే బొబ్బలు గ్యారంటీ.

25 దాకా అలారం ప్రకారం నడిచింది. అక్కడ కెఫీన్ ఉన్న జెల్ ఒకటి వాడా, అది ఒక్కటే, ఎందుకంటే ట్రైనింగ్‌లో రెండోది తింటే గుండె దడ వచ్చింది. 30 దాటాక జెల్ లోపలికి పోలేదు, సగం తిని జేబులో పెట్టుకున్నా, బంగాళాదుంప ముక్కలు, డ్రింక్ చిన్న గుక్కలతో నెట్టుకొచ్చా. 34 దగ్గర పక్కన పరిగెడుతున్నావిడ నొప్పి మాత్ర కావాలా అని చేయి చాపింది. మంచి మనసుతోనే ఇచ్చింది కానీ వద్దండి అని చెప్పా, ఇబుప్రోఫెన్ లాంటివి అప్పటికే రక్తం తక్కువగా అందుతున్న కిడ్నీల మీద ఇంకా భారం వేస్తాయి, ఒంట్లో నీళ్ళు కూడా నిలిచిపోయేలా చేస్తాయి. కాళ్ళు నొప్పులుగా ఉన్నాయి, బాగా నొప్పులుగా ఉన్నాయి, కానీ తల క్లియర్‌గా ఉంది, మిగిలిన కిలోమీటర్లు కరెక్ట్‌గా లెక్కపెట్టుకుంటూనే వచ్చా.

ఇంటికొచ్చి చూస్తే పొద్దుటి బరువు మీద 1.4 కిలోలు తక్కువ, అంటే 2 శాతం కంటే కాస్త ఎక్కువ. తగ్గిన ప్రతి కిలోకి ఒకటిన్నర లీటర్ దాకా తాగమంటారు, కానీ ఒక్కసారిగా కాదు, సాయంత్రం దాకా ఉప్పున్న తిండితో పాటు మెల్లగా. మొదటి గంట ఏదీ తినాలనిపించదు కాబట్టి చాక్లెట్ మిల్క్ తాగా, అందులో కార్బ్స్, ప్రోటీన్, సోడియం, నీళ్ళు అన్నీ ఉంటాయి, నమలాల్సిన పని లేదు.

ఇప్పుడు గంటకి 50 గ్రాములకి ట్రై చేస్తున్నా, తేన్పులు మళ్ళీ మొదలయ్యాయి. ఎండలు పెరుగుతున్నాయి కాబట్టి చెమట టెస్ట్ ఇంకోసారి చేయాలి, పాత నంబర్లు ఈ వేడికి పనికిరావు. మధ్యాహ్నం రన్ ఒకటి పెట్టుకుని గంటకి లీటర్ దాటుతుందా లేదా చూసి, దాటితే మూడో ఫ్లాస్క్ ఎక్కడ పెట్టుకోవాలో ఆలోచించాలి, వెస్ట్‌లో ఇక చోటు లేదు.